దోర్నాల లైకుల అబ్బాయి

"ఏంది మేడం, ఇది మోసం కాదా?"

మార్కాపురం బజారులో శేషగిరిరావు బట్టల దుకాణంలోకి అడుగుపెడుతూనే ఫణికృష్ణ అన్న మాట అది. చేతిలో కవరు, కవరులో చీర.

కౌంటర్ దగ్గరున్న యశస్విని తలెత్తింది. శేషగిరిరావు కూతురు. డిగ్రీ అయినప్పటినుంచీ దుకాణం రీల్స్ అన్నీ తనే చేస్తోంది.

"ఏమైందండీ?"

"రీల్‌లో నెమలికంఠం రంగు చూసి మా అమ్మ ఆర్డర్ పెట్టింది. వచ్చింది ఇదీ! ఏ నెమలికైనా ఇట్లాంటి కంఠం ఉంటుందా?"

యశస్వినికి నవ్వొచ్చింది. ఆపుకుంది. "ఫిల్టర్ వేసినాను. లేకపోతే ఎవరూ చూడరు. నాకు మాత్రం ఇష్టమా? ఆ ఇన్‌స్టా అంటేనే చిరాకు."

"మరి వదిలేయొచ్చు కదా?"

"మీరు వదిలేసినారా?"

ఫణికృష్ణ తల గోక్కున్నాడు. దోర్నాల సెంటర్లో వాళ్లకు టిఫిన్ హోటల్ ఉంది. శ్రీశైలం పోయే జనం ఇప్పుడు బోర్డు చూసి ఆగడం లేదు, ఫోన్ చూసి ఆగుతున్నారు.

"నాకూ చిరాకే. దోసె పెనం మీద ఉండగానే వీడియో తీయాల. తీసేలోపల అది మాడిపోతుంది."

ఈసారి ఆమె నవ్వు ఆగలేదు. చీర మార్చి ఇచ్చింది.

సాయంత్రం దుకాణం అకౌంటుకు మెసేజ్ వచ్చింది. "అమ్మకు ఈ చీర నచ్చింది. గట్టిగా మాట్లాడినాను, సారీ."

యశస్విని తన సొంత అకౌంటు నుంచి జవాబిచ్చింది. అక్కడ మొదలైన కబుర్లు రోజూ సాగాయి. ఇద్దరూ ఆ యాప్‌లోనే కూర్చుని ఆ యాప్‌నే తిట్టుకునేవాళ్లు.

"ఇంత తిట్టుకుంటా ఇక్కడే ఎందుకున్నాం?" అని ఒకరోజు ఆమె అడిగింది.

"మీ గిరాకీ ఇక్కడే, మా గిరాకీ ఇక్కడే. ఫ్రెండ్స్, చుట్టాల పెళ్లి ఫొటోలు, అన్నీ ఇక్కడే. ఒక్కరే పోతే ఒంటరైపోతారు. పోతే అందరూ ఒకేసారి పోవాల."

"అందరూ ఎప్పటికి కదులుతారు?"



శ్రావణమాసంలో యశస్విని తనే చీర కట్టుకుని పెట్టిన ఒక రీల్ ఊళ్లు దాటి పోయింది. దాని కింద ఎవడో ముక్కూమొహం తెలియనివాడు ఆమె ఒంటి గురించి చెండాలంగా రాశాడు. మరికొందరు దానికి నవ్వు బొమ్మలు పెట్టారు. సరుకు గదిలో కూర్చుని ఏడుస్తున్న కూతుర్ని శేషగిరిరావు చూశాడు.

"నువ్వింక దాంట్లో కనపడొద్దు తల్లీ. దుకాణం నాది, నేనే నిలబడతా."

"నా అకౌంటు తీసేస్తున్నా," అని ఆమె ఫణికృష్ణకు రాసింది.

అతను "మీ నంబర్ ఇస్తారా?" అని టైప్ చేశాడు. చెరిపేశాడు. "మంచి పని చేస్తున్నారు," అని పంపాడు.

ఇంతేనా అనుకుంది యశస్విని. ఇంకో మెసేజ్ వస్తుందేమోనని చాలాసేపు చూసి అకౌంటు తీసేసింది.

ఫణికృష్ణ మాత్రం తీయలేకపోయాడు. దుకాణం రీల్స్‌లో ఇప్పుడు శేషగిరిరావు, స్కూలు ఫొటోకు నిలబడ్డట్టు బిగుసుకుపోయి, "ఇది... చీర," అంటున్నాడు. కెమెరా వెనకనుంచి ఒక గొంతు: "నాయనా, కొంచెం నవ్వు."

ఆ మూడు మాటల కోసం ఫణికృష్ణ ఆ రీల్‌ని మళ్లీ మళ్లీ పెట్టుకునేవాడు. శేషగిరిరావు ఏది పెట్టినా లైక్ కొట్టేవాడు.

"తల్లీ, ఎవరీ దోర్నాల పిల్లోడు? పావడాలకు కూడా గుండె గుర్తు పెట్టినాడు!"

యశస్విని ఫోన్ తీసుకుని పేరు చూసింది. చప్పున అటు తిరిగి, మడత పెట్టిన చీరలనే మళ్లీ మడత పెట్టసాగింది.

"తెలుసా?"

"కొంచెం."

శేషగిరిరావు కూతురి వంక చూసి తనలో తనే నవ్వుకున్నాడు.

మర్నాటి రీల్‌లో కెమెరా వెనక గొంతు ఇంకాస్త పొడుగ్గా పలికింది. "నాయనా, వానలో కూడా దుకాణం తీసే ఉంటుందని చెప్పు. దోర్నాల వాళ్లకైనా సరే."

"దోర్నాల వాళ్లకైనా సరే," అన్నాడు శేషగిరిరావు బుద్ధిగా.

మధ్యాహ్నానికల్లా ఫణికృష్ణ దుకాణం గుమ్మంలో ఉన్నాడు. బైకు మీద దారంతా వాన. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"అంత చిరాకు పడేవాళ్లు, ఇంకా తీసేయలేదేం?" యశస్విని గొంతులో అలక.

"మీ గొంతు అక్కడే ఉంది. తీసేస్తే ఇంకెక్కడ వినాల?"

"నంబర్ అడగొచ్చు కదా? అడుగుతారని ఎంతసేపు చూసినానో తెలుసా?"

"ఎవడో అంత మాట అన్న రోజు. నేను కూడా నంబర్ అడిగితే వాళ్లలో ఒకడిననుకుంటారని భయమేసింది. అంటే... మీరంటే ఇష్టం. అందుకే భయం."

యశస్విని కళ్లు తడిశాయి. అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని, తెర మీద నీళ్లు పైటతో తుడిచి, తన నంబర్ కొట్టింది.

వెనక ఎవరో దగ్గారు. ఫణికృష్ణ ఉలిక్కిపడ్డాడు.

"పెదనాయనా, నేను... దోర్నాల నుంచి..."

"నువ్వెవరో తెలుసులే. వరసే తప్పింది," అన్నాడు శేషగిరిరావు. "నేను నీకు పెదనాయననైతే, ఈ పిల్ల నీకేమవుతుంది?"

యశస్విని చీరల దొంతర వెనక్కి తప్పుకుంది. ఫణికృష్ణ ఒకసారి అటు చూశాడు.

"మామా," అన్నాడు.

"ఆ, ఇప్పుడు కుదిరింది. ఆదివారం మీ అమ్మనూ నాయననూ పిలుచుకొని రా, మాట్లాడుకుందాం."

శేషగిరిరావు అరలోంచి కొత్త తువ్వాలు లాగి అతని మీదికి విసిరాడు.

"ముందు తల తుడుచుకో అల్లుడూ, జలుబు చేస్తుంది."