తొందరపడిన అక్షరం

"ఆ కెమెరా లోపలికి రావడానికి వీల్లేదు."

"కెమెరా వచ్చేసింది కదండీ. ఇక రావాల్సింది నేనే."

అంటూనే లోపలికి వచ్చేసింది ఆ అమ్మాయి. తడిసిన రెయిన్‌కోటు, చెవిలో ఇయర్‌ఫోన్, మెడలో టీవీ వాళ్ల బిళ్ల, చేతిలో సగం తిన్న స్ట్రాబెర్రీల గిన్నె. ఆమె వెనక కెమెరా మోస్తూ ఓ లావుపాటి మనిషి. బయట లండన్ ఆకాశం బుధవారం పొద్దుటి నుంచీ ముసురు పట్టి ఉంది.

నెడ్ ట్రిగ్ రాగి రేకు మీద సాధన చేస్తున్నవాడల్లా ఉలి కింద పెట్టాడు. సెంటర్ కోర్టు మెట్ల కింద ఉన్న ఆ గదిలో ఒక బల్ల, ఒక దీపం, ఒక మనిషి పడితే గొప్ప. అందులో ఇప్పుడు ముగ్గురు మనుషులు, ఒక కెమెరా.

"నా పేరు టామ్సిన్ పెన్రోజ్. శనివారం ఆడవాళ్ల టెన్నిస్ ఫైనల్‌కి మిమ్మల్ని లైవ్‌లో చూపించే పని నాది."

"నా పని చెక్కడం. చూపించుకోవడం కాదు."

"అబ్బో! నిరుడు ఏమైందో తెలుసా? ఛాంపియన్ ఏడవడం అయిపోయింది, తల్లిని వాటేసుకోవడం అయిపోయింది. మీ తాతగారేమో ఇంకా మూడో అక్షరం దగ్గరున్నారు. మా డైరెక్టర్ జుట్టు పీక్కున్నాడు. అసలే ఆయనకున్నవి నాలుగు వెంట్రుకలు."

నెడ్‌కి నవ్వొచ్చింది. మీసం లేకపోవడంతో దాచుకునే చోటు లేక, మొహం కిందికి దించేశాడు.

ఆట ముగిశాక, వెండి పళ్లెం విజేత చేతికి అందేలోపు పట్టుమని పది నిమిషాలుంటాయి. ఆ పది నిమిషాల్లో గెలిచినామె పేరు పళ్లెం మీద చెక్కాలి. తొంభై ఏళ్లుగా ఆ పని ట్రిగ్ కుటుంబానిది. తాత ఆంబ్రోజ్‌కి పోయిన చలికాలం నుంచి చేతులు వణకడం మొదలైంది. అందుకే ఈ ఏడాది మొదటిసారి ఆ పని నెడ్ ఒక్కడి మీద పడింది. పైగా క్లబ్ సెక్రటరీ గాస్కెల్ గారికి ఈ మధ్య చెక్కే యంత్రం మీద మనసు పోయింది. "ఈసారికి నువ్వే కానీ. ఎలా చేస్తావో చూసి, వచ్చే ఏడాది సంగతి ఆలోచిద్దాం" అన్నాడాయన. ఆ మాట విన్న రోజు నుంచి నెడ్‌కి కంటి మీద కునుకు లేదు.

"ఇంతకీ నన్నేం చేయమంటారు?" అన్నాడు.

"గెలవడానికి ఇంకొక్క పాయింటుందనగా, మ్యాచ్ పాయింట్ రాగానే మొదలెట్టేయండి. అంతే."

"కుదరదు. నెట్ దగ్గర ఇద్దరూ చేతులు కలిపేదాకా ఉలి పెట్టె దాటి బయటికి రాదు. మా ఇంటి నియమం."

"ఎవరు పెట్టారు?"

"మా తాత."

"ఆయన్ని అడగొచ్చా, ఎందుకని?"

"నేను ఇరవయ్యేళ్లుగా అడుగుతున్నాను. చెవిటివాడిలా నటిస్తాడు."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గెలవకముందే పేరు చెక్కడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. దానికి వేరే కారణం ఎందుకనుకున్నాడు నెడ్. కానీ ఆ అమ్మాయి అడిగిన తీరు చూస్తే, కారణం చెప్పలేకపోవడం తన తప్పేమో అనిపించింది.

వాన పెద్దదైంది. చిన్న కోర్టుల మీద పట్టాలు కప్పేశారు. లావుపాటి కెమెరామన్ టీ కోసం వెళ్లాడు. టామ్సిన్ మాత్రం వెళ్లలేదు. స్ట్రాబెర్రీల గిన్నె బల్ల మీద పెట్టబోతే నెడ్ హడలిపోయి పళ్లెం పక్కకి లాక్కున్నాడు.

"తినను లెండి మీ పళ్లేన్ని" అంది.

"చేతులు తుడుచుకుంటే ముట్టుకోనిస్తాను."

ఆమె బుద్ధిగా చేతులు తుడుచుకుంది. నెడ్ ఆమె వేలు పట్టుకోకుండానే, గాలిలో చూపిస్తూ, పాత ఛాంపియన్ల పేర్ల మీదుగా నడిపించాడు. ఇవి ముత్తాత చెక్కినవి, గీత లోతు ఎక్కువ, ఆయనకి బలమెక్కువ. ఇదిగో ఇక్కణ్ణుంచి తాత. ఈ పేరు చెక్కిన ఏడాది తాతకి జలుబు, అందుకే చివరి అక్షరం కొంచెం తూలింది. ఈమె వరసగా మూడేళ్లు గెలిచింది, మూడోసారికి తాత కళ్లు మూసుకుని చెక్కేశాడట.

"మీరు మ్యాచ్‌లు చూస్తారా?"

"ఈ గదిలో చిన్న టీవీ ఉంది. పైన చప్పుడు ముందు వినిపిస్తుంది, ఆ తర్వాత టీవీలో బంతి కనిపిస్తుంది."

"పాపం" అంది టామ్సిన్. ఆమె చాలా మామూలుగా అంది. నెడ్ మాత్రం ఆ మాటని రాత్రంతా తలుచుకున్నాడు.

గురువారం ఆమె లైటు చూసుకోవాలని వచ్చింది. శుక్రవారం పొద్దున మళ్లీ లైటే చూసుకోవాలంది. శుక్రవారం మధ్యాహ్నం వచ్చినప్పుడు లైటు మాటే ఎత్తలేదు. అప్పటికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది.

"నెడ్, నీతో ఒక మాట చెప్పాలి. ఈ షాట్ బాగా వస్తే నా ఉద్యోగం పర్మనెంట్ చేస్తామన్నారు. మూడేళ్లుగా నెలకో కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్నాను."

"చాలా బాగా వస్తుంది. చేతులు కలిపాక."

"మొండిఘటం!"

"నువ్వు మాత్రం?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

శనివారం వచ్చింది. పాత ఛాంపియన్లకి ఫైనల్ రోజున ప్రముఖులు కూర్చునే బాక్సులో రెండేసి సీట్లుంటాయి, బతికున్నన్నాళ్లూ. యాభై రెండేళ్ల కిందట గెలిచిన రొవీనా మార్చ్‌బ్యాంక్ తన రెండో సీటుకి ఈసారి ఆంబ్రోజ్‌ని పిలిచింది. ఇన్నేళ్లూ మెట్ల కింద కూర్చుని చప్పుడు విన్న ముసలాయన మొదటిసారి ఎండలో కూర్చుని ఆట చూస్తున్నాడు. పాత సూటు ఇస్త్రీ చేసుకుని మరీ వెళ్లాడు.

కోర్టులో బల్గేరియా అమ్మాయి వెల్కోవా వీరవిహారం చేస్తోంది. ఐర్లండ్ పిల్ల ఈఫా కాలహన్‌కి ఇదే మొదటి ఫైనల్. మొదటి సెట్ పోయింది. రెండో సెట్లో అయిదు–రెండుతో వెనకబడింది. నలభై–సున్నా. వెల్కోవాకి మూడు మ్యాచ్ పాయింట్లు.

గదిలో స్టాండుకి బిగించిన కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది. టామ్సిన్ చెవిలో డైరెక్టర్ అరుపులు నెడ్‌కి కూడా వినిపిస్తున్నాయి. ఆమె మొహం పాలిపోయింది.

"నెడ్, ఒక్క అక్షరం. మూడు మ్యాచ్ పాయింట్లు. ఎక్కడికి పోతుంది చెప్పు? ప్లీజ్."

టీవీలో వెల్కోవా బంతి ఎగరేసింది. నెడ్ టీవీని చూడలేదు. టామ్సిన్‌ని చూశాడు. ఆ కళ్లలో ఉన్న ఆశ చూస్తే, అడిగితే పళ్లెమంతా ఆమె పేరే చెక్కేసేవాడు. ఉలి పెట్టెలోంచి బయటికొచ్చింది. వెల్కోవా పేరులో మొదటి అక్షరం, ఇంగ్లీషు 'వి', రెండే గీతలు, వెండి మీద మెరిసింది.

పైన పైకప్పు కూలిపోయిందేమో అన్నంత చప్పుడు.

అది విజేతకి కొట్టిన చప్పట్లు కాదు. కాలహన్ ఒక పాయింట్ కాచుకుంది. తర్వాత రెండోది. మూడోసారి ఆమె కొట్టిన బంతి నెట్ తాకి, అవతల పడింది. అక్కణ్ణుంచి ఆ పిల్లకి పూనకం వచ్చినట్టయింది. అరగంటలో రెండో సెట్ ఆమెదైంది. సరిగ్గా అప్పుడే చినుకులు పడ్డాయి. కోర్టు మీద తెరిచి ఉన్న పైకప్పు మూయడానికి ఆట ఆపేశారు.

నెడ్ ఉలిని మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

"ఎవరూ చూడలేదు" అంది టామ్సిన్ గబగబా. "డైరెక్టర్ ఆ సమయంలో కోర్టే చూపిస్తున్నాడు, ఇది లైవ్‌లో వెళ్లలేదు. రికార్డింగు నా దగ్గరే ఉంది. చెరిపేస్తాను. నువ్వా అక్షరం పోయేలా చేయగలవా?"

"వెనక నుంచి కొట్టి, పైన ఉక్కు కడ్డీతో రుద్దితే పోతుంది. కంటికి తెలీదు."

"మరింకేం?"

"నాకు తెలుసు కదా టామ్సిన్."

తలుపు చప్పుడైంది. సెక్రటరీ గాస్కెల్ తలుపు తీసి పట్టుకున్నాడు. మిసెస్ మార్చ్‌బ్యాంక్ చేతికర్ర సాయంతో లోపలికి వచ్చింది, ఆమె వెనక తాత. వాన విరామంలో మనవడి పని చూపిద్దామని గర్వంగా తీసుకొచ్చాడు పాపం.

"రండి మేడమ్, మా వాడి పనితనం చూద్దురుగాని" అన్నాడు ఆంబ్రోజ్.

"తాతా, చూపించడానికి ముందు ఒకటి చెప్పాలి." నెడ్ పళ్లెం దీపం కిందికి జరిపాడు. "చేతులు కలపకముందే మొదలెట్టాను. నాదే తప్పు."

గాస్కెల్ వంగి చూశాడు. కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుని చూశాడు. "ఇందుకే నేను యంత్రం అన్నది" అన్నాడు.

"తప్పు నాది" అంది టామ్సిన్. "అతను వద్దన్నాడు, బుధవారం నుంచి వద్దంటూనే ఉన్నాడు. నేనే బతిమాలాను. ఇదిగో రికార్డింగు, నా గొంతే వినిపిస్తుంది. వినండి."

"నీ ఉద్యోగం..." అన్నాడు నెడ్.

"నోర్మూసుకో నెడ్" అంది ఆమె. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

ఆంబ్రోజ్ మనవణ్ణి చడామడా తిడతాడనుకుంటే, గోడకి చేరగిలబడి నేల చూపులు చూస్తున్నాడు. మిసెస్ మార్చ్‌బ్యాంక్ చేతికర్ర బల్లకి ఆనించి, చేతి తొడుగు విప్పింది.

"అబ్బాయ్, నా పేరు ఎక్కడుందో చూపించు."

నెడ్ చూపించాడు.

"ఇప్పుడు నీ వేలు దాని మీద పెట్టు. కళ్లు మూసుకో. మెల్లిగా తడుము."

నెడ్ తడిమాడు. ఆ పేరు అతను వందసార్లు చూశాడు. కళ్లు మూసుకుని ఎప్పుడూ ముట్టుకోలేదు. పేరు మొదట్లో వెండి కాస్త గుంటపడింది. గోరు మందం కూడా లేని గుంట.

అతను కళ్లు తెరిచి తాత వైపు చూశాడు. ముసలాయన చెవులు ఎర్రగా కందిపోయాయి.

"మీకు... మీకు తెలుసా మేడమ్?" అన్నాడు ఆంబ్రోజ్.

"మొదటి రోజు నుంచే. పళ్లెం చేతికి రాగానే బొటనవేలికి తగిలింది. ఆ రోజు ఆఖరి సెట్లో నేను అయిదు–ఒకటితో ఓడిపోతున్నాను. ఎవరో నా సంగతి అయిపోయిందనుకుని, అవతలామె పేరు రాయడం మొదలెట్టేశారని అప్పుడే అర్థమైంది." ఆమె నవ్వింది. "నాకెంత బలమిచ్చిందో తెలుసా ఆ గుంట? మోకాలు పాడైనప్పుడు, మా ఆయన వదిలేసి పోయినప్పుడు, ఏదో వంకతో ఈ క్లబ్‌కి వచ్చి దాని మీద వేలు పెట్టి వెళ్లేదాన్ని. నా పని అయిపోయిందన్నవాళ్ల మాట వెండి మీద రాసినా తప్పయింది కదా అనిపించేది."

ఆంబ్రోజ్ జేబురుమాలు తీసి ముక్కు చీదాడు. "యాభై రెండేళ్లు దాచాను మేడమ్. సిగ్గుతో చచ్చాను. వీడు నాలా దాచలేదు. అందుకు సంతోషంగా ఉంది."

గాస్కెల్ దగ్గాడు. "అదంతా సరే. యంత్రమైతే ఈ గొడవ ఉండదు కదా మేడమ్."

"దాని మీట నొక్కేది ఎవరు గాస్కెల్? నువ్వేనా? మూడు మ్యాచ్ పాయింట్లకి నువ్వు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టేశావు, నా కళ్లతో చూశాను."

పాపం ఆయన మళ్లీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ముందు ఆట ముగియనీ. తర్వాత చూద్దాం" అని వెళ్లిపోయాడు. ముసలివాళ్లిద్దరూ టీ తెప్పించుకుని అక్కడే బల్ల పక్కన ఇరుక్కుని కూర్చున్నారు.

పైకప్పు మూసుకుంది. ఆట మొదలైంది. నెడ్ వెనక నుంచి కొట్టి, కడ్డీతో రుద్ది, అక్షరాన్ని వెండిలో కలిపేశాడు. ఇక చేయడానికేమీ లేదు, వినడం తప్ప. మూడో సెట్ అయిదు–అయిదయ్యేసరికి టామ్సిన్ మెల్లిగా అడిగింది.

"కెమెరా తీసేయమంటావా? డైరెక్టర్‌తో నేను పడతాను."

"ఉండనీ. చేతులు కలిపాక ఎవరు చూసినా నాకు భయం లేదు."

ఏడు–అయిదు. గెలిచిన కాలహన్ కోర్టు మీద వెల్లకిలా పడిపోయింది. లేచింది. నెట్ దగ్గరికి నడిచింది. ఇద్దరూ చేతులు కలిపారు. నెడ్ ఉలి తీశాడు. తర్వాత ఏం జరిగిందో అతనికి సరిగ్గా తెలీదు. చివరి అక్షరం తోకని తిప్పి ఊపిరి వదిలేసరికి తొమ్మిది నిమిషాలయింది. తాత పళ్లెం ఎత్తి దీపం వెలుగులో చూసి, తల ఊపాడు. అంతకు మించిన మెప్పు ఆయన జన్మలో ఎవరికీ ఇవ్వలేదు.

"ఆ పిల్లతో గుంట సంగతి నేను చెప్తాను" అంది మిసెస్ మార్చ్‌బ్యాంక్. "ఆ హక్కు నాది."

పళ్లెం తీసుకెళ్లడానికి వచ్చిన గాస్కెల్ పేరు మీద వేలు పెట్టి చూశాడు. ఏం తగిలిందో ఏమో, నెడ్ భుజం తట్టాడు. "వచ్చే ఏడాది పెందరాళే రా. ఈ తలుపుకి గడియ పెట్టిస్తాను. ఇంకెవరూ చెప్పకుండా లోపలికి రాకుండా" అని టామ్సిన్ వైపు గుర్రుగా చూసి వెళ్లాడు.

టామ్సిన్ ఇయర్‌ఫోన్ తీసి మెడ చుట్టూ వేసుకుంది. "డైరెక్టర్‌కి అంతా చెప్పేశాను. షాట్ అద్భుతంగా వచ్చిందట. పర్మనెంట్ సంగతి మాత్రం ఇంకో ఏడాది చూస్తారట."

"నా వల్లే."

"నా వల్ల. సరే కానీ, నిన్నొకటి అడుగుతాను, నిజం చెప్పు. అన్ని రోజులు ఒప్పుకోనివాడివి, ఇవాళ ఎందుకు మొదలెట్టావు? జాలా?"

నెడ్ తాతని చూశాడు, మిసెస్ మార్చ్‌బ్యాంక్‌ని చూశాడు. ఇద్దరూ వినబడనట్టు టీ కప్పుల్లోకి చూస్తున్నారు. పారిపోదామంటే ఆ గదికి ఒకటే తలుపు, అక్కడ టామ్సిన్ నిలబడి ఉంది.

"జాలి కాదు. నిన్ను చూస్తున్నాను. బంతిని చూడాల్సింది, నిన్ను చూశాను. నువ్వంటే ఇష్టం టామ్సిన్. బుధవారం నుంచి."

టామ్సిన్ బుగ్గలు ఎర్రబడ్డాయి. వచ్చి అతని చేయి పట్టుకుంది, వెండి పొడి అంటిన వేళ్లతో సహా.

"బుధవారమా? నాకు గురువారం దాకా పట్టింది" అంది.

మిసెస్ మార్చ్‌బ్యాంక్ టీ కప్పు దించింది. "సరే, వీడి సంగతి తేలింది. మిస్టర్ ట్రిగ్, యాభై రెండేళ్లుగా నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఒకటుంది. ఆ రోజు మీకేమైంది? మీరెందుకు తొందరపడ్డారు?"

ఆంబ్రోజ్ కప్పు బల్ల మీద పెట్టాడు.

"స్ట్రాబెర్రీలమ్మే అమ్మాయి ఒకతి ఈ గుమ్మంలో నిలబడి, ఎవరు గెలుస్తున్నారని అడిగింది మేడమ్. నాకేమీ తోచలేదు. చేతిలో ఉలి ఉంది. చెక్కేశాను."

"అయ్యో. తర్వాత ఆ అమ్మాయి ఏమైంది?"

ముసలాయన టామ్సిన్ వైపు చూసి, పక్కకి జరిగి, తన పక్కన ఆమె కూర్చోవడానికి చోటిచ్చాడు.

"నలభై తొమ్మిదేళ్లు నాతో కాపురం చేసింది."