ఆరో భాగానికి ఊఁ కొట్టిందెవరు?

కోల్‌కతా ఖిదిర్‌పూర్‌లో మా రెండు గదుల ఇల్లు మధ్యాహ్నం మూడు దాటితే మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. మా వారు కృపాకర్ పోయాక ఆ నిశ్శబ్దం పడలేకే దెయ్యాల సీరియల్ మొదలుపెట్టాను. మా చర్చి పిల్లలకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. అందుకని ఆదివారానికో భాగం రాసి, ఫోన్‌లో చదివి రికార్డు చేసి, వాట్సాప్ గ్రూపులో పెడతాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. మనలో కథ వినేవారు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగిపోతుంది. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలు కొట్టారు. ఇంట్లో ఆయన కొట్టేవారు. ఇప్పుడెవరూ లేరు. వాక్యానికీ వాక్యానికీ మధ్య కాస్త ఆగే అలవాటు మాత్రం మిగిలింది.

ఆరో భాగం పెట్టిన రోజు వాన. సాయంత్రానికి అభిప్రాయాలు మొదలయ్యాయి.

“భయమెయ్యలేదు ఆంటీ, నవ్వొచ్చింది. మీ దెయ్యం కూడా హోంవర్క్ అడిగేలా ఉంది!” అంది, చర్చిలో పాటలు పాడే రీనా.

ఓడరేవు డాక్‌లో పనిచేసి రిటైరైన సత్యారావు ఏకంగా ఫోనే చేశాడు. “బాగుంది టీచరమ్మా. మరి పక్కన కూకుని ఊఁ కొట్టిందెవరేటి? చుట్టాలొచ్చారా?”

“ఎవరూ రాలేదు సత్యారావూ.”

“నేనేటి, చెవిటోడినా? మాట మాటకీ కొడతంటే ఇనపడదేటి!”

నాకు భయం వేయలేదు. దాచడమెందుకు... ఆశ పుట్టింది. ఆయనేనేమో!

సాల్ట్ లేక్‌లో ఉద్యోగం చేసే నా మనవరాలు కారుణ్యకు ఫోన్ చేశాను. “మళ్ళీ ఓసారి వినవే. ఆ ఊఁ మీ తాతయ్యదేనా?”

పది నిమిషాలకు తనే చేసింది. గుసగుసగా మాట్లాడింది.

“అమ్మమ్మా... ఊఁ కొడుతున్నది నువ్వే.”

“నేను చదువుతున్నాను కదే!”

“లేదు. చదువుతున్నది ఎవరో మగమనిషి. తాతయ్య కాదు. నేను వచ్చేస్తున్నా. అప్పటిదాకా నువ్వది వినకు.”

వాన వెలిసింది. గదిలో చెమ్మ వాసన. దానితో పాటు బీడీ వాసన... ఆయన ఏనాడూ బీడీ ముట్టలేదు.

అయినా ఆరో భాగం రికార్డు పెట్టి వినసాగాను.

నా గొంతే. నా కథే. మధ్యలో ఏ ఊఁ లేదు. ఊపిరి పీల్చుకున్నాను. ఆరో భాగం అయిపోయింది.

రికార్డు ఆగలేదు.

ఎవరో మగమనిషి గొంతు సవరించుకున్నాడు. నేనింకా రాయని ఏడో భాగం మొదలైంది. “ఒక ముసలి టీచరు తలుపు వైపు వీపు పెట్టి ఒంటరిగా కూర్చుంది...”

అక్కడ ఆగాడు. ఎదురుచూస్తున్నాడు.

ఊఁ అనకపోతే కథ ఆగుతుంది. కారుణ్య చెప్పిందీ గుర్తుంది. కానీ కథ ఆగితే... ఇల్లు మళ్ళీ ఖాళీ.

“ఊఁ,” అన్నాను మెల్లగా.

తర్వాతి వాక్యం ఫోన్‌లోంచి రాలేదు. నా వెనక, తలుపు దగ్గర్నుంచి వచ్చింది.