ఏడుసార్లు కదిలిన పంపు

ఆదివారం మధ్యాహ్నం మూడూ నలభైకి ప్రేమలీల చనిపోయింది.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఓ ప్రైవేటు ఆసుపత్రి. రెండో అంతస్తు. మూడో మంచం.

ఎస్సై అనూహ్య వచ్చేసరికి నాలుగున్నర. శవం మీద తెల్లదుప్పటి. దుప్పటి ఎగరకుండా ఎవరో ఫ్యాను వేగం తగ్గించి పెట్టారు.

పక్కన బల్ల మీద భర్త దేవకుమార్ కూర్చుని ఉన్నాడు. చేతిలో భార్య కళ్లజోడు. ఏడవడం లేదు. ఎవరు వచ్చారో, ఎవరు వెళ్లారో చూడటం లేదు.

"ఏం జరిగింది?"

మేనేజర్ వామన్‌రావు ముందుకొచ్చాడు.

"నర్సు నిర్లక్ష్యం, మేడం. పేషెంటుకి బీపీ నిలబెట్టే మందు సిరంజి పంపుతో ఎక్కిస్తున్నాం. చిన్న మెషీన్. మందును కొంచెం కొంచెంగా నరంలోకి తోస్తుంది. మూడూ పన్నెండుకి అది పాడైంది. రెండో పంపు మందుల గదిలోనే ఉంది. ఈమె తేలేదు."

గోడకు ఆనుకుని నిలబడ్డ నర్సు లోయిస్ తలెత్తింది. మెదక్ పిల్ల. ఇదే మొదటి ఉద్యోగం.

"లేదు సార్. గదంతా వెతికిన. పంపు లేదు."

"అయితే కంప్యూటర్ అబద్ధం చెప్తోందా?"

వామన్‌రావు స్క్రీన్ తిప్పి చూపించాడు. ఆసుపత్రిలో ప్రతి మెషీన్‌కీ బొట్టుబిళ్లంత ట్యాగ్ అంటించారు. మెషీన్ ఏ గదిలో ఉందో, కదిలిందో లేదో అది చెబుతుంది.

పంపు-2. మందుల గది. మూడూ పన్నెండుకీ నలభైకీ మధ్య ఏడుసార్లు 'కదిలింది'.

"ఆ టైమ్‌లో ఫ్లోర్‌లో ఈమె ఒక్కతే. ఏడుసార్లు ముట్టుకుంది. ఆన్ చెయ్యడం చేతకాలేదు. మనిషి పోయాక భయపడి ట్యాగ్ పీకేసి పంపు దాచేసింది. కంప్లైంట్ రెడీగా ఉంది. దేవకుమార్ గారు సంతకం పెడితే చాలు."

సంతకం పడితే కేసు. కేసు పడితే లోయిస్ రిజిస్ట్రేషన్ పోతుంది. జైలు కూడా తప్పకపోవచ్చు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు.

అనూహ్య లోయిస్ వైపు తిరిగింది.

"డాక్టర్ ఎక్కడ?"

"కింద క్యాజువాలిటీల. యాక్సిడెంట్ కేసొచ్చింది. ఫోన్లనే చెప్పిన్రు."

"నువ్వేం చేశావు?"

"చేత్తోనే మందు ఎక్కించిన."

"ఇంకో నర్సు?"

"ఆదివారం ఒక్కదాన్నే, మేడం. పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కిన."

"పంపును ముట్టుకోలేదా?"

"ఉంటే గద, ముట్టుకునేది!"

మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. వెంటనే శవం వైపు చూసి తగ్గించుకుంది.

అనూహ్య ట్యాగుల కంపెనీకి ఫోన్ చేసింది. ఇంజనీర్ శశికిరణ్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాలు బేరమాడుతున్నాడు. ఆటో ఎక్కి ఇంటికెళ్లి, ల్యాప్‌టాప్ తీసుకుని, పుస్తకాల కట్టతో సహా వచ్చాడు.

"గది పేరు రేడియో సిగ్నల్‌ని బట్టి వస్తుంది మేడం. అది అటూ ఇటూ కాస్త తప్పుతుంది. అందుకే లోపల మోషన్ సెన్సర్ కూడా పెట్టాం. ఎత్తారా, నడిపించారా, తిప్పారా, అన్నీ దానికి తెలుస్తాయి."

"మరి స్క్రీన్ మీద 'కదిలింది' అన్న ఒక్క ముక్కేనా?"

"ఆసుపత్రి వాళ్లు అంతకుమించి అడగలేదు. మిగతాదంతా మా సర్వర్‌లో ఉంటుంది."

"అసలు కదలకుండా పడి ఉంటే?"

"సగం రోజు దాటితే ఎర్రలైటు. ఇక్కడ మెషీన్లు చూసుకునే బయోమెడికల్ టెక్నీషియన్‌కి మెసేజ్, మా ఆఫీసుకీ ఒకటి. మేం మనిషిని పంపి వెతికిస్తాం."

"ఆ ఏడూ తెరవండి."

తెర మీద ఓ గీత. కుడికి తిరిగింది. ఆగింది. వెనక్కి వచ్చింది. చిన్న కుదుపు. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"ఎక్కడైనా పైకి ఎత్తారా?"

"లేదు."

"పంపు నడిచేటప్పుడు వచ్చే మోటారు వణుకు?"

శశికిరణ్ వేలితో గీతలను వెనక్కి జరిపాడు. "గురువారం దాకా ఉంది. ఎత్తడం, నడవడం, దించడం, వణుకు. శుక్రవారం నుంచి ఇదొక్కటే. తిరగడం, రావడం."

అనూహ్య అతన్ని ల్యాప్‌టాప్ తీసుకుని రమ్మంది. తర్వాత అందరినీ మందుల గదికి పిలిచింది.

ఇరుకు గది. వామన్‌రావు, లోయిస్, యాక్సిడెంట్ కేసు కోసం కిందికెళ్లి వచ్చిన వార్డు అటెండర్ దుర్గయ్య, బయోమెడికల్ టెక్నీషియన్ ఫణికుమార్. దేవకుమార్‌ను ఎవరూ పిలవలేదు. అయినా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"దుర్గయ్యా, ఈ గదిలో రోజంతా కదిలేది ఏంటి?"

"నేనే, మేడం. నేను దప్ప ఇంకెవరు కదుల్తరు గీడ?"

ఫణికుమార్ నవ్వబోయి మానుకున్నాడు.

"నువ్వు కాక?"

"గా ఫ్రిజ్ తలుపు. మా బస్తీల కల్లు దుకాణం తలుపు లెక్క. పొద్దుందాక తీసుడు, ఏసుడు."

అనూహ్య ఫ్రిజ్ తలుపు తెరిచింది.

ల్యాప్‌టాప్ మీద గీత కుడికి తిరిగింది. ఆగింది. తలుపు వేయగానే వెనక్కి వచ్చింది. చిన్న కుదుపు.

శశికిరణ్ తెరను అందరి వైపు తిప్పాడు.

తలుపు లోపల, సీసాలు పెట్టే అర వెనక వేలు పోనిచ్చి, ఆమె ట్యాగ్‌ను ఊడదీసింది.

"మనిషి ఎత్తి మళ్లీ పెట్టిన వస్తువు సరిగ్గా మొదటి చోటికి రాదు. వెంట్రుకవాసైనా తేడా వస్తుంది. ఇది ఏడుసార్లూ సరిగ్గా అదే చోటికి వచ్చింది. అంటే ఎవరి చేతిలోనూ లేదు. తలుపు బందు మీద తిరిగింది."

"ఈ పిల్లే అంటించి ఉంటుంది," అన్నాడు వామన్‌రావు.

"శుక్రవారమేనా? ఆదివారం మెషీన్ పాడవుతుందని ముందే తెలిసిందా ఈమెకు?"

వామన్‌రావు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ట్యాగ్‌ను దాచాలనుకుంటే డ్రాయర్ చాలు. కానీ డ్రాయర్‌లో కదలదు. ఎర్రలైటు వస్తుంది. కంపెనీ మనిషి వచ్చి పంపు ఏదని అడుగుతాడు. అందుకే రోజంతా కదిలే చోటు వెతికి అంటించారు. ఎర్రలైటు సంగతి ఈ ఆసుపత్రిలో ఎవరికి తెలుసు? మెసేజ్ ఎవరి ఫోన్‌కు వస్తుంది?"

అందరూ ఫణికుమార్ వైపు చూశారు.

"పంపు ఎక్కడ?"

"మేడం, నేను..."

"ఎక్కడ?"

"అబిడ్స్‌ల. పెద్ద పోస్టాఫీసు వెనక ఒక ముసలాయన ఇంట్ల. కిరాయికిచ్చిన. రేపు తెద్దామనుకున్న. రెండోది ఎప్పుడూ ఖాళీగనే ఉంటది మేడం... గిట్లైతదని అనుకోలే."

"ఇప్పుడు నడుస్తోందా?"

"నడుస్తది. దాంతోనే బతికున్నడాయన."

అనూహ్య గుమ్మం బయట ఉన్న కానిస్టేబుల్‌ను పిలిచింది. "ఇతను అడ్రస్ చెప్తాడు. వెళ్లి పక్కన కూర్చో. వేరే పంపు వచ్చేదాకా దాన్ని ఆపనివ్వకు."

"అది మా ప్రాపర్టీ, మేడం," అన్నాడు వామన్‌రావు.

"ఎక్కడికీ పోదు. నేను సీజ్ చేస్తున్నాను."

ఫణికుమార్‌ను కిందికి తీసుకెళ్లారు. వామన్‌రావు లాయర్‌కు ఫోన్ చేసుకుంటూ వెనకే దిగాడు.

దేవకుమార్ గుమ్మంలోనే ఉన్నాడు. అప్పుడు నోరు విప్పాడు.

"ఫ్రిజ్ ఏడుసార్లెందుకు తెరిచినవమ్మా?"

లోయిస్ అతని వైపు తిరిగింది.

"మందు ఫ్రిజ్‌ల ఉంటది అంకుల్. డాక్టర్ సారు ఫోన్ల ఒక్కొక్క డోసే చెప్పిన్రు. ఒకటి ఇచ్చుడు, బీపీ చూసుడు, మళ్ల ఉరుకుడు."

"నేను కిందికి చాయ్‌కి పోయిన," అన్నాడతను, ఇంకెవరి గురించో చెబుతున్నట్టు. "నువ్వు ఉరికినప్పుడల్లా లీల ఒక్కతే ఉన్నదా?"

"తలుపు తీసే పెట్టిన అంకుల్. 'వస్తున్న ఆంటీ, వస్తున్న' అనుకుంటనే ఉరికిన."

"ఇన్నదా?"

"ఆఖరుసారి చెయ్యి లేపింది. పట్టుకున్న. ఇగ ఇడువలే."

అతను తలూపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. తర్వాత వెళ్లి మంచం పక్కన బల్ల మీద కూర్చుని, ఓ చివరికి జరిగాడు.

"కూసో బిడ్డా."

లోయిస్ కూర్చుంది. పొద్దున ఎనిమిది నుంచి ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.