తేలిక అడుగు

నవతీరంలో పిల్లలకు గుంత అంటే ఏమిటో తెలియదు. పూర్వం రోడ్ల మీద గుంతలుండేవనీ, వానాకాలం వాటిలో నీళ్లు నిలిచేవనీ, స్కూటర్ల మీద పోయేవాళ్లు వాటిలో పడి మూతులు పగలగొట్టుకునేవాళ్లనీ చెబితే కాకమ్మ కథ విన్నట్టు వింటారు. ఇరవై రెండో శతాబ్దం ఇంకో పదిహేనేళ్లుందనగా, సముద్రానికి దూరంగా కాస్త మెరక చూసి కట్టిన ఊరది. ఊరిని చుట్టి ఒకటే నడకదారి. కార్లను దాని మీదికి రానివ్వరు. నడిచేవాళ్లూ, సైకిళ్లూ, చక్రాల కుర్చీలూ, పసిపిల్లల తోపుడు బళ్లూ, కూరగాయల రిక్షాలూ అన్నీ దాని మీదే. వేసి నాలుగేళ్లయినా నిన్న సాయంత్రం వేసినట్టే నిగనిగలాడుతూ ఉండేది.

అంతటి దారికి నడిమధ్య గొంతుకూర్చుని డాక్టర్ వకుళ దోసిలితో కంకర ఎత్తింది. రాళ్లు వేళ్ల సందుల్లోంచి జలజలా రాలాయి. ఒక్క రాయికీ తారు అంటుకుని లేదు.

దారి రెండుగా చీలిపోయింది. మధ్యలో మూరెడు వెడల్పున ఒట్టి కంకర, అందులో అక్కడక్కడా గరిక. దానికి ఇటొక నల్లటి పట్టీ, అటొక నల్లటి పట్టీ. ఇదేదో ఒకచోట అయితే సరేననుకోవచ్చు. ఊరంతా చుట్టి వచ్చింది ఆ చీలిక. మొన్న ఒక కూరగాయల రిక్షా చక్రం అందులో దిగబడి బండి బోల్తా పడితే, తోలుతున్న మనిషికి చెయ్యి విరిగింది. అందుకే వకుళకు కబురొచ్చింది. 

"శాంపిల్ తీశాను మేడమ్," అన్నాడు దేవసహాయం, అటువైపు పట్టీ మీదినుంచి. "ఇక్కడ తారు ఆరోగ్యంగా ఉంది. మీవైపూ తీయండి."

వకుళవైపూ ఆరోగ్యంగానే ఉంది. ఆమెకు అదే మింగుడుపడలేదు.

ఈ దారికి వేసిన నడకతారు ఆ ఇద్దరి బిడ్డ. పేటెంటు మీద రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. పూర్వం నడకదారులకు ఒక విచిత్రమైన జబ్బు ఉండేది. లారీలు తిరిగే రోడ్డులో తారు చక్రాల కింద నలుగుతూ కాస్త మెత్తగా ఉంటుంది. మనుషులు మాత్రమే నడిచే దారికి ఆ నలుగుడు ఉండదు. ఎండకూ గాలికీ రాళ్లను పట్టి ఉంచే బిటుమెన్ ఎండి పెళుసెక్కి, ఎవరూ ఏమీ చేయకుండానే పగుళ్లిచ్చి, అంచులు రాలి చచ్చిపోతుంది. దానికి మందుగా ఈ ఇద్దరూ బిటుమెన్‌లో సూక్ష్మజీవుల గుళికలు కలిపారు. మనిషి అడుగు ఒత్తిడికి ఆ జీవులు మేలుకుంటాయి, తారును అడుగు పడ్డచోటికి లాక్కొస్తాయి. ఎంత నడిస్తే దారి అంత గట్టిపడుతుంది. జనం మలుపు దగ్గర అడ్డంగా తొక్కుకుంటూ పోతే కొన్నాళ్లకు దారే అటు జరుగుతుంది. ఎవరూ తొక్కని చోటినుంచి తారు మెల్లగా వెళ్లిపోతుంది.

"జనం దారికి లొంగరు. దారే జనానికి లొంగాలి," అని వకుళ సభల్లో చెప్పేది. చప్పట్లు బాగా పడేవి.

ఇరవై ఏళ్ల చాకిరీ అది. వకుళకు పెళ్లీ పేరంటం అన్నీ దాని వెనక్కి పోయాయి. రాష్ట్రంలో ప్రతి ఊరికీ ఈ దారే వేయించాలా వద్దా అని ప్రభుత్వం రేపోమాపో తేల్చబోతోంది. ఇప్పుడు తారులో లోపం ఉందని తేలితే ఇరవై ఏళ్లూ బూడిదలో పోసిన పన్నీరే.

ఆమె తన మణికట్టు పట్టీని నోటి దగ్గర పెట్టుకుంది. దారి పొడవునా పరిచిన సెన్సార్లన్నిటినీ చూసుకునే యంత్రానికి వాళ్లు పెట్టుకున్న పేరు జాడ.

"జాడా, మధ్యలో తారు ఎందుకు చచ్చింది?"

"చావలేదు. రెండు పక్కలకూ వెళ్లిపోయింది. మధ్యలో ఎవరూ తొక్కడం లేదు."

"ఎప్పటినుంచి?"

"దారి వేసిన మొదటి నెలనుంచే తగ్గుతూ వచ్చింది."

"ఎందుకని?"

"నాకు అడుగులు తెలుసు. బరువు తెలుసు, నడక తీరు తెలుసు. పేర్లు తెలియవు, కారణాలు తెలియవు."

సాయంత్రం జనం నడకకు వచ్చేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. చల్లబడగానే ఊరంతా దారి మీదికి వచ్చింది. కొందరు ఇటు పట్టీ మీద, కొందరు అటు పట్టీ మీద. ఒకరినొకరు పలకరించుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు, ఒకాయన చెయ్యి చాచి అవతలి పట్టీ మీది పసివాడి బుగ్గ కూడా గిల్లాడు. కాళ్లు మాత్రం ఎవరి పట్టీ మీద వాళ్లవే.

 ఆ ఊరు కట్టిన తీరు వకుళకు బాగా తెలుసు. సముద్రం తీరం మీది పల్లెలను మింగేశాక, ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ, అన్ని పేటల వాళ్లనూ ఒక్కచోట కలిపి లాటరీ తీసి ఇళ్లిచ్చారు. తలుపుల మీద ఇంటిపేర్లు కూడా రాయనివ్వలేదు. ఊరి ముఖద్వారం మీద ఈనాటికీ పెద్ద అక్షరాలతో 'వాడలు లేని ఊరు' అని ఉంటుంది.

మంగతాయారు అనే ఒక పెద్దావిడ చెమట తుడుచుకుంటూ ఆగితే వకుళ ఆమెను పలకరించింది.

"మధ్యలో ఎందుకు నడవరమ్మా మీరు?"

"నడవకూడదని ఎవరన్నారండి? ఆయ్, అలాంటిదేం లేదండి మా ఊళ్లో."

"మరి?"

"ఎదురొచ్చేవాళ్లకి కాస్త దారివ్వాలి కదండి. మేం ఇస్తాం, వాళ్లూ ఇస్తారు. మంచివాళ్లేనండి పాపం."

"వాళ్లంటే ఎవరు?"

మంగతాయారు అవతలి పట్టీ మీద శాంపిల్ గొట్టాలు సర్దుకుంటున్న దేవసహాయం వైపు ఒక్క క్షణం చూసింది. తర్వాత వకుళ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "మీకు నేను చెప్పాలాండి?"

వకుళకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఆవిడ అంత నమ్మకంగా తనను తనవైపు కలిపేసుకోవడం ఒకెత్తు. ఆ మాట తనకు వెంటనే అర్థం కావడం ఇంకొకెత్తు. పేర్లు లేవు, వాడలు లేవు, అయినా ఆవిడకు తెలుస్తోంది. అందరికీ తెలుస్తోంది.

మర్నాడు పొద్దున్న ఆమె ఊరి పాలనాధికారి వీరభద్రం గదిలో కూర్చుని అంతా చెప్పేసింది. దేవసహాయం పక్క కుర్చీలో ఉన్నాడు.  తారులో ఏ తప్పూ లేదనీ, జనం నడిచిన నడకనే అది చూపిస్తోందనీ, ఇలాంటి సిగ్గుచేటు తన జన్మలో చూడలేదనీ అంది. మనిషి బుద్ధి మారకపోతే ఎంత మంచి దారి వేసి ఏం లాభమని నిలదీసింది.

వీరభద్రం శ్రద్ధగా విన్నాడు. ఆయన ముఖం చిన్నబోతుందని ఎదురు చూసిన వకుళ, అది వెలగడం చూసి బిత్తరపోయింది.

"అంటే గొడవా గోలా లేకుండా దానంతటదే సర్దుకుందన్నమాట," అన్నాడాయన. "నాలుగేళ్లలో ఈ దారి మీద ఒక్క తగాదా రాలేదు మేడమ్, ఎందుకా అనుకునేవాణ్ని. మధ్యలో పూలమొక్కలు వేయించేస్తాను, బళ్లు దిగబడవు. నేనీ ముక్క పైకి రాస్తే రాష్ట్రమంతా మీ దారే వేస్తారు, చూడండి."

"అందుకా మేం దీన్ని కనిపెట్టింది?"

"ఎందుకు కనిపెడితేనేం మేడమ్, ఉపయోగపడుతోంది కదా," అని ఆయన టీ తెప్పించాడు.

వకుళ ఆ టీ ముట్టుకోలేదు. బయటికి వచ్చి దారి పక్క బెంచీ మీద కూలబడింది. ఇరవై ఏళ్లుగా కోరుకున్నది చేతికి అందబోతోంది. అందుకుంటే ఊరూరా ఈ గీత తనే గీసినట్టు.

"చూశావా దేవసహాయం, ఎలాంటి మనుషులో. నువ్వేమీ అనవేంటి?"

"ఏమనమంటారు మేడమ్," అన్నాడతను. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే హోదా. అయినా మొదటినుంచీ ఆమె అతన్ని నువ్వు అంటుంది, అతను ఆమెను మీరు అంటాడు.

"ఇదొక్క ఊరి జబ్బే అయ్యుండాలి. ఇంకెక్కడా ఇలా జరగలేదని రాద్దాం. దారి వేసేముందు జనానికి చెప్పి, నేర్పి... జాడా, మనం వేసిన మిగతా దారుల్లో ఇలాంటి చీలిక ఎక్కడైనా ఉందా?"

"ఒకచోట ఉంది," అంది జాడ. "సామర్లకోట ప్రయోగశాల ఆవరణ దారి. అన్నిటికంటే పాతది."

వకుళ తేలిగ్గా నవ్వేసింది. "అది చీలిక కాదు, అతుకు. తారు పోసినప్పుడు రెండు పొరలు సరిగ్గా కలవలేదు." ఆ సన్నటి పగులు ఆమెకు తెలియనిదా? ఏటా పూడ్పించేది, ఏటా మళ్లీ విచ్చుకునేది. దాన్ని మూయడానికి ఆమె ప్రత్యేకంగా ఒక అతుకుమందు కూడా తయారుచేసి, దాని మీద పెద్ద వ్యాసం రాసింది. "అయినా అక్కడ జనమెక్కడున్నారు? రోజూ పొద్దున్నే నడిచి దారిని పెంచింది మేమిద్దరమే కదా."

అనేశాక ఆమెకు తను అన్న మాట వినిపించింది.

దేవసహాయం చేతిలోని సంచీ నేల మీద పెట్టి, దాని పట్టీ సరిచేసి, మళ్లీ సరిచేశాడు.

"జాడా," అంది వకుళ.  "అక్కడ ఏం జరిగింది?"

"రెండు అడుగులు నడిచాయి. ఒకటి తేలిక అడుగు, ఒకటి బరువు అడుగు. మొదట్లో పక్కపక్కనే ఉండేవి. ముందు తేలిక అడుగు పక్కకు జరిగింది. బరువు అడుగు చాలాకాలం ఉన్నచోటే ఉంది. తర్వాత అదీ జరిగింది."

దేవసహాయం భారీ మనిషి. వకుళ గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. ఇందులో విప్పి చెప్పాల్సిందేమీ లేదు.

"నీకు తెలుసా?" అంది.

"పగులు ఎందుకొచ్చిందో మొదటి ఏడాదే తెలిసింది మేడమ్."

"మరి నన్ను అతుకుమందు ఎందుకు కలపనిచ్చావు? ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబితే మీరు నడవడం మానేస్తారేమోనని," అన్నాడు దేవసహాయం. "మనిద్దరం నడవకపోతే ఆ దారి చచ్చిపోయేది. నాకూ ఇంకో దారి లేదు."

వకుళ కళ్లలో నీళ్లు తిరిగాయి. తను ఏనాడూ అతని డబ్బాలో అన్నం తినడానికి వెనకాడలేదు. అతని కూతురి పెళ్లికి ముందు వరసలో కూర్చుంది. ఎవరైనా అతన్ని ఒక మాట అంటే మీద పడి రక్కేసేంత పని చేసేది. ఇన్ని చేసిన మనిషి పాదాలు రోజూ పొద్దున్నే ఆమెకు చెప్పకుండా ఇంకోపని చేసుకుంటూ పోయాయి.

"పద," అంది లేచి. "ఇప్పుడే సామర్లకోట పోదాం."

ప్రయోగశాల ఆవరణలో మధ్యాహ్నపు ఎండ కాస్తోంది. పాత దారి గుండ్రంగా, నల్లగా, ఇరవై ఏళ్లు మీద పడినా ఎక్కడా చెక్కుచెదరకుండా ఉంది. మధ్యలో మాత్రం ఆ సన్నటి పగులు. వకుళ చెప్పులు విడిచి సరిగ్గా దాని మీద నిలబడింది. తారు అరికాళ్లకు చురుక్కుమంది.

"రా, నా పక్కన నడువు. భుజానికి భుజం తగలాలి."

అతను ఒక్క క్షణం తటపటాయించి వచ్చాడు. ఇద్దరూ నడిచారు. వకుళ తల వంచుకుని తన పాదాలనే చూసుకుంటూ, ఒక్కో అడుగూ పగులు మీద పడుతోందో లేదో సరిచూసుకుంటూ నడిచింది. కాసేపటికి దేవసహాయం తన మనవరాలి సంగతేదో చెప్పాడు, ఆమె నవ్వింది. ఆమెకు గుండె తేలికపడింది. ఇంతేనా, ఒక్కసారి తెలుసుకుంటే చాలదూ అనిపించింది. నవతీరం జనాన్ని కూడా ఇలాగే ఒక్కొక్కరిని చెయ్యి పట్టుకుని నడిపించవచ్చు. ఇవాళే ప్రభుత్వానికి అలాగే రాయాలి.

చుట్టు పూర్తయ్యాక ఆమె మణికట్టు పట్టీని నోటి దగ్గర పెట్టుకుంది.

"చూశావా జాడా? ఇప్పుడు చెప్పు."

"మొదటి మలుపు దాకా రెండు అడుగులూ కలిసి ఉన్నాయి," అంది జాడ. "తర్వాత తేలిక అడుగు జరిగింది."

వకుళ కిందికి చూసింది. పగులు ఆమె పాదాలకు మూరెడు అవతల ఉంది. దేవసహాయం ఇంకా దాని పక్కనే, ఆమె నడవమన్న చోటే నిలబడి ఉన్నాడు.  కళ్లారా చూసుకుంటూనే నడిచింది కదా, నవ్వింది ఒక్కసారే కదా.

"ఫరవాలేదు మేడమ్," అన్నాడతను మెల్లగా. "పదండి, ఇంకో చుట్టు వేద్దాం."

వకుళ కదల్లేదు. ఎటు అడుగు వేసినా జాడకు తెలిసిపోతుంది.