మామగారు బాగుందన్న రోజు

తెల్లారేసరికి మామగారు వరండాలో ఆరేసిన దుప్పటి అంచును రెండు వేళ్ల మధ్య నలుపుతున్నారు. ఆయన బట్టల కొట్టు నడిపిన మనిషి. గుడ్డ కనబడితే ఆ వేళ్లు ఊరుకోవు.

"నేత పలచన. నాలుగు ఉతుకులకి జల్లెడైపోతుంది," అన్నారు.

లోపలి నుంచి వస్తున్న కొత్త కోడలు ఆ మాటకి గుమ్మంలోనే ఆగిపోయింది. సముద్రం ఒడ్డున ఈ చిన్న రిసార్టును వెతికి పట్టుకుంది తనే. పెళ్లయ్యాక నలుగురూ కలిసి వచ్చిన మొదటి ప్రయాణం. తీసుకున్న రెండు గదులూ ఇరుకే, ఫ్యాన్లు మూలుగుతాయి, కానీ కిటికీ తెరిస్తే అలలు మంచం మీదికే వచ్చేలా ఉన్నాయి. సబ్బు కూడా శంఖం ఆకారంలో ఉంది. వాడబుద్ధి కాక రుమాలులో చుట్టి దాచుకుంది.

టీ వచ్చింది. మామగారు ఒక గుక్క తాగారు. "టీపొడి డబ్బా మూత తీసి, నీళ్లకి చూపించి మళ్లీ పెట్టేశారా?"

మేనేజరు ముఖం చిన్నబోయింది. తర్వాత కుర్చీ కిర్రుమందన్నారు, కుళాయి సన్నగా వస్తోందన్నారు.

చెప్పులు చేత్తో పట్టుకుని అలల్లో నవ్వుతూ నిలబడ్డ అత్తగారికి ఆ గొంతు వినిపించింది. సముద్రం చూడడం ఆవిడకి ఇదే మొదలు. నవ్వు ఆపి, కాళ్లు దులుపుకుని తమ గదిలోకి వెళ్లిపోయారు.

"నాన్న అంతే. వదిలెయ్," అన్నాడు భర్త.

"నేను వదిలేస్తా. మీ అమ్మ బ్యాగు సర్దేస్తున్నారు."

కోడలు వరండాలో అటూ ఇటూ తిరిగింది. కూర్చుంది, లేచింది. చివరికి మామగారి ముందుకొచ్చి నిలబడింది.

"మామయ్యగారూ, ఇది ఎంచింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టండి. అత్తయ్య మాత్రం వెళ్లిపోవాలనుకుని బ్యాగు సర్దేస్తున్నారు."

"సర్దడమేంటి? ఇంకో రోజు ఉందామని పొద్దున్నుంచీ బేరానికి దారి వేస్తుంటేనూ."

"అంటే, మీకు నచ్చిందా?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "బ్రహ్మాండంగా ఉందమ్మాయ్. ఈ అద్దెకి ఇంత గాలి ఎవడిస్తాడు? మెల్లగా మాట్లాడు. సరుకు బాగుందని అమ్మేవాడి ముందు అన్నామా, ఇక ధర దిగదు."

"మరి నా వంట సంగతేంటండీ?"

గుమ్మంలో అత్తగారు, చేతిలో బ్యాగు.

"మన పెళ్లయినప్పటి నుంచీ ఉప్పు తక్కువ, కారం ఎక్కువ అంటూనే ఉన్నారు. మనింట్లో అమ్మేవాళ్లెవరు? ఎవరితో ఆ బేరం?"

మామగారి వేళ్లు తన చొక్కా అంచునే నలుపుకున్నాయి. "పళ్లెంలో ఎప్పుడైనా మిగిల్చానా?"

"మిగల్చలేదు. బాగుందని అననూ లేదు."

ఆయన లేచి తిన్నగా మేనేజరు బల్ల దగ్గరికి నడిచారు.

"నీ రిసార్టు చాలా బాగుందయ్యా. ఇంకో రోజు ఉంటాం. అద్దె ఏమీ తగ్గించక్కర్లేదు."

భర్తకి టీ పొలమారింది. మేనేజరు అనుమానంగా చూశాడు. "మరి టీ, సార్?"

"అది నీ తప్పు కాదులే. మా ఆవిడ పెట్టినట్టు ఎవరికీ కుదరదు," అన్నారు మామగారు, అందరికీ వినబడేలా.

అత్తగారు బ్యాగు కోడలి చేతిలో పెట్టి, చెప్పులు గుమ్మంలోనే వదిలేసి, కళ్లు తుడుచుకుంటూ మళ్లీ అలల వైపు వెళ్లారు. వెనకే మామగారు.

బట్టలు తిరిగి బయట పెడదామని కోడలు బ్యాగు తెరిచింది. అన్నిటికన్నా పైన, అత్తగారి రుమాలులో భద్రంగా చుట్టి, ఇంకో శంఖం సబ్బు.