మూడో చరణం

కొండాపురం దగ్గర పునరావాస కాలనీలో, ఆఖరి వీధి చివర ఒక ఇల్లుంది. గోడలున్నాయి, కప్పుంది, తలుపులూ కిటికీలూ లేవు. పగలు ఆ నీడన మేకలు కూడా పడుకోవంటారు. మేకల సంగతి నాకు తెలియదు గానీ, పొద్దు గూకాక మనుషులు మాత్రం ఆ పక్కకు పోరు.

దాన్ని కట్టించుకున్నామె మహా మొండిది. పాత ఊరు గండికోట రిజర్వాయరు నీళ్లలో మునిగేదాకా కదలనని కూర్చుంది. చివరికి కాలనీకొచ్చి, కప్పు వేయించి, తలుపులు పెట్టించకముందే పోయింది. బతికినన్నాళ్లూ తన గొంతు మీద ఇంకొకరి గొంతు లేవనిచ్చేది కాదట. చచ్చాక కూడా లేవనివ్వదని... అదీ ఆ ఇంటికున్న చెడ్డపేరు.

అలాంటి చోటికి అమూల్య పాట సాధనకు పోయింది. మతి లేక కాదు, చోటు లేక.

డిసెంబరు ఇరవైన జమ్మలమడుగులో క్రిస్మస్ పాటల కచేరీ. కాలనీ చర్చి క్వయర్లో అమూల్య ఎనిమిదేళ్లుగా సెకండ్ పాడుతోంది. అంటే పైన ఒకరు పాడుతుంటే, ఆ గొంతును పట్టుకుని కింద నుంచి తోడు పోవడం. అలాంటి పిల్లకు ఈసారి సోలో ఇచ్చాడు క్వయర్ నడిపే శ్రావణ్ సారు. నాలుగు చరణాలు, ఒక్క గొంతు.

ఆరేళ్లుగా ఆ సోలో వసుంధరది. ఆమె అలిగి మానేసినా బాగుండేది. మానలేదు. రోజూ ప్రాక్టీసుకు వచ్చి, ఎదురుగా కూర్చుని, అమూల్య ఎక్కడ తప్పుతుందా అని చూసేది. ఒకనాడు అందరూ వినేట్టే అనేసింది.

"తోడు పాడేదానికి ముందు నడిచేది యాడ తెలుస్తాది?"

అమూల్యకు ఆ రాత్రి అన్నం సహించలేదు. ఇంట్లో సాధన చేద్దామంటే గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, అవతల టీవీ మోత. కచేరీ ఇంక నాలుగు రోజులుందనగా, సాయంత్రం ఏడింటికి, ఫోను లైటు వేసుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టింది.

ఖాళీ గదిలో గొంతు ఖంగుమని పలికింది. భయం సగం పోయింది. మొదటి చరణం నడుమకు వచ్చేసరికి — గోడ అవతల నుంచి ఇంకో గొంతు కలిసింది.

అదే పాట. ఆడగొంతు. కొంచెం పైన...

పారిపోవాల్సింది. కానీ ఎనిమిదేళ్ల అలవాటు ఊరికే పోతుందా? పై గొంతు వినబడగానే చెవి అటు పోయింది, నోరు తనంతట తానే కింద తోడు అందుకుంది. తన పాటను తనే దాని చేతికి ఇచ్చేశానని ఆమెకు తెలియనే లేదు.

రెండో చరణానికి ఆ గొంతు ఇంకాస్త పైకి లేచింది. అమూల్యా లేచింది. మూడో చరణం... ఇంకా పైకి. గొంతు మండిపోతోంది. ఆపాలనే ఉంది — ఆపితే ఆ గొంతు ఒక్కటే మిగులుతుందని భయం. నాలుగో చరణంలో లోపల ఏదో పుటుక్కుమంది. నోట్లో ఉప్పగా తగిలింది.

అవతలి గొంతు పాటను తీరిగ్గా ముగించింది. అమూల్య చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తింది.

మరునాడు ప్రాక్టీసులో నోరు తెరిస్తే మాట లేదు, గాలే వచ్చింది. శ్రావణ్ సారు తల పట్టుకున్నాడు. ఇక దిక్కు నువ్వేనమ్మా అని వసుంధరను బతిమాలాడు. పండగ చేసుకోవాల్సిన మనిషి, తల వంచుకుని నేల చూస్తోంది.

అమూల్యకు అంతా అర్థమైపోయింది. దెయ్యమూ లేదు, పాడూ లేదు. ఒళ్లు మండి, పోయి వసుంధర చెవి దగ్గర వంగి గుసగుసగా అంది.

"గోడెనక ఉండింది నువ్వే కదక్కా... నాలుగు చరణాలూ లాక్కపోయి నా గొంతు తీసేస్తివి."

వసుంధర తలెత్తి నోరు తెరిచింది. ఆమెకూ గొంతు లేదు, గాలి మాటే.

"నేనే పాపా... నీ గొంతు చెడగొట్టాలనే నీ ఎనకాలే వచ్చినా. రెండు చరణాలే పాడినా. మూడోది ఎత్తుకునేలోపల నా మింద ఇంగో గొంతు లేసింది... నేను ఇంటికి ఉరికొచ్చినా."