భూస్థాపనకు పెళ్ళిపాట

"చావింట్లో పెళ్ళిపాటా! నీకేమన్నా మతి పోయిందా అమ్మా?"

ఫేబీ అరుపుకు వసారాలో గింజలు ఏరుకుంటున్న కోళ్ళు కూడా చెదిరిపోయాయి! మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్న ఎలిశబెతు మాత్రం చలించలేదు. ఇక మందులతో పనిలేదు, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టండని నెల్లూరు డాక్టర్లు చెప్పి పంపిన దగ్గర్నుంచీ ఆమె తన భూస్థాపనకు పాటలు ఎంచుకుంటూనే ఉంది. పెట్టె ఎత్తేటప్పుడు ఒకటి, దారిలో ఒకటి, మట్టి వేసేటప్పుడు ఒకటి... సంతలో వంకాయలు ఏరినట్టు, ఇది వద్దు, అది మరీ సాగుతుంది, ఎండలో జనం నిలబడలేరు పాపం అంటూ! ఫేబీ కన్నీళ్ళు దిగమింగుకుని అన్నిటికీ తలూపింది. కానీ ఆఖరున పెళ్ళిపాట పాడాలంటే ఏ కూతురు ఊరుకుంటుంది?

"ఊళ్ళో ఆడబిడ్డలందరి పెండ్లిళ్ళలో పాడినా మే! నా కడుపున పుట్టినదానికి పాడలేదు..." అంది ఎలిశబెతు. "మీ నాయన పాడనీలా. రేపు నేను పోతే నువ్వొస్తావు, అల్లుడొస్తాడు. పెట్టె పక్కన ఇద్దరూ నిలబడతారు. సంఘమంతా ఉంటాది. సచ్చినోళ్ళ కోరిక కాదనేదానికి మీ నాయనకు కూడా నోరు రాదు. ఆ రోజు పాడించుకుంటా!"



మూడేళ్ళ క్రితం ఫేబీ పెంచలకృష్ణను రిజిస్ట్రారాఫీసులో పెళ్ళి చేసుకుంది. అతను కొడవలూరు రైతుబిడ్డ, హిందువుల ఇంటివాడు. ఫేబీ తండ్రి హెబ్రోనేమో ఊళ్ళోని క్రైస్తవ సంఘానికి పెద్ద! దేవుడి ముందు జరగనిది పెళ్ళే కాదన్నాడు. అల్లుణ్ణి గడప తొక్కనివ్వలేదు. భార్యకు జబ్బు ముదిరాకే కూతుర్నయినా రానిచ్చాడు. పెంచలకృష్ణ రోజూ ఫేబీని మోటారుసైకిలు మీద తెచ్చి దించి, రోడ్డవతల పొలం గట్టు మీద కాచుకుని కూర్చుంటాడు. అత్తగారికి తెచ్చిన టెంకాయలు కూడా పెళ్ళాం చేతే పంపుతాడు. మామగారిని పల్లెత్తు మాటనడు. అంత మంచివాడు కాబట్టే ఫేబీకి మరింత ఏడుపొస్తుంది.

"నా పెండ్లి కోసం నువ్వు చావాల్నా అమ్మా!" అంటూ తల్లి ఒళ్ళో తల పెట్టి భోరుమంది.

తలెత్తేసరికి గుమ్మంలో హెబ్రోను! చేతిలో భార్యకు తెచ్చిన జావ గ్లాసు. ఎప్పటినుంచి వింటున్నాడో...

"ఏందే ఇది? నీ పెట్టె పక్కన నిలబడి నేను ఆ పాట వినాల్నా?"

"వినబాక బావా. చెవులు మూసుకో," అంది ఎలిశబెతు మెల్లగా. "బతికుండంగా అడిగితే కాదంటివి. ఇంక నాకు వేరే రోజు యాడుండాది?"

ఆదివారం ఆరాధనలో ఆయన పాట ఎత్తుకుంటే ఆమె అందుకునేది. వాళ్ళ కాపురమంతా అలాగే సాగింది. హెబ్రోను గ్లాసు కింద పెట్టి, కండువా భుజాన వేసుకుని బయటికి నడిచాడు. అల్లుడి మీదికి గొడవకు పోతున్నాడేమోనని ఫేబీ ప్రాణాలు ఉగ్గబట్టుకుని కిటికీలోంచి చూసింది. ఆయన రోడ్డు దాటాడు. పెంచలకృష్ణ గబుక్కున లేచి నిలబడ్డాడు. ఏమనుకున్నారో వినబడలేదు గానీ, కాసేపటికి ఇద్దరూ కలిసే వచ్చారు!

"ఆయన పక్కన నిలబడు మే," అన్నాడు హెబ్రోను కూతురితో. "దేవుడు అడిగితే నేను జవాబు చెప్పుకుంటా."

పెళ్ళిపాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం సగంలోనే ఆగిపోయాడు. ఎలిశబెతు అందుకుంది... సన్నగా, ఆయాసపడుతూ, అయినా శ్రుతి తప్పకుండా! చిన్నప్పట్నుంచీ తల్లితో గొంతు కలిపిన అలవాటు కొద్దీ ఫేబీ కూడా నోరు తెరిచింది. ఎలిశబెతు చెయ్యెత్తి పాట ఆపేసింది.

"నువ్వు పాడబాకే! పెండ్లికూతురు యాడన్నా పాడతాదా? తల దించుకోని నిలబడు!"

ఫేబీ తల దించుకుంది. ఏం చెయ్యాలో తెలియక పెంచలకృష్ణ కూడా దించుకున్నాడు.